మా మండలానికి సోలార్, గాలిమరలు వస్తున్నాయి, ప్లానింగ్‌లో ఊరోళ్లను ఎలా కలపాలి? గ్రామసభ పెడితే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అనంతపురం జిల్లాలో మీ మండలంలో సోలార్, విండ్ రెండూ కలిపిన పెద్ద ప్రాజెక్టు వస్తుందంటున్నారు, మీరు చదువైపోయి ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరారు, ఊరోళ్లను ప్లానింగ్‌లో కలిపే పని మీ నెత్తిన పడింది. గ్రామసభ పెట్టి తీర్మానం రాయిస్తే సరిపోతుందా అని అడిగారు, చివర్లో మీటింగులు ఎప్పుడు పెట్టాలి, వచ్చినోళ్లకి భోజనం పెట్టొచ్చా అని కూడా అడిగారు. వయసులో చిన్నవాళ్లలా ఉన్నారు కాబట్టి తమ్ముడూ అంటున్నా, ఏమనుకోవద్దు.

సరిపోదు తమ్ముడూ. సైటు ఖరారైనాక పెట్టే గ్రామసభ ప్లానింగ్ కాదు, సమాచారం చెప్పడం. ఊరోళ్ల మాటతో ఏది మారుతుందో ముందే తేల్చుకుని, అది మార్చే టైం ఇంకా మిగిలి ఉన్నప్పుడే వాళ్ల దగ్గరికి పోవాలి. దారి ఎటు వెయ్యాలి, కంచె ఎక్కడ ఆపాలి, ఏ వంక వదలాలి, లీజు షరతులేంటి, పంచాయతీకి ఏం రావాలి, వీటిల్లో కనీసం రెండు మూడైనా నిజంగా మార్చగలిగితేనే మీటింగు పెట్టండి. ఏదీ మారదనుకుంటే మాత్రం కూర్చోబెట్టి అభిప్రాయాలు రాసుకోవద్దు, ఆ ఊర్లో మళ్లీ ఇంకే పనికీ ఎవరూ రారు.

నేను మొదట కంపెనీ సైడు ల్యాండ్ టీములో పనిచేసినోణ్ణి, తర్వాత ఊళ్ల సైడు వచ్చా, ఉరవకొండ, తాడిపత్రి, కొంచెం కడప మైలవరం వైపు తిరిగా. రెండు పక్కలా కూర్చున్నోడి మాటగా తీసుకోండి.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. సిమెంటు ఫ్యాక్టరీకో గనికో కలెక్టరాఫీసోళ్లు టెంటు వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు చూడండి, అలాంటిదే సోలార్‌కీ ఉంటుందని ఊర్లో అందరూ అనుకుంటారు. ఉండదు. పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) మీద 2006లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సోలార్ ప్యానెళ్ల ప్లాంటుకీ గాలిమరలకీ పర్యావరణ అనుమతి అక్కర్లేదు, అనుమతే లేనప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ కూడా లేదు. నీళ్లు పైకి తోడి కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీకి మాత్రం అనుమతి కావాలి, పాణ్యం మండలం పిన్నాపురంలో 1680 మెగావాట్లది ఉంది కదా, ఆ రకం. ఇక 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు ప్రాజెక్టుకి 80 శాతం, ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే పీపీపీ ప్రాజెక్టుకి 70 శాతం భూయజమానుల ఒప్పుకోలు కావాలి, సామాజిక ప్రభావ అంచనా చెయ్యాలి అని రాసుంది గానీ అది ప్రభుత్వం సేకరిస్తేనే. కంపెనీ నేరుగా రైతు దగ్గర లీజుకి తీసుకుంటేనో, ప్రభుత్వ భూమిలో పెట్టుకుంటేనో ఆ శాతాల గొడవే రాదు. అంటే మిమ్మల్ని బలవంతంగా ఊర్లోకి పంపే రూలు ఏదీ లేదన్నమాట, మీరు జరిపిస్తే జరుగుతుంది, లేదంటే లేదు.

ఎప్పుడు పోవాలి అంటే, చాలామంది కంపెనీ బోర్డు కనపడ్డాక పోతారు, అప్పటికే ఆలస్యం. నా అనుభవంలో అసలు నిర్ణయం జరిగేది సబ్‌స్టేషను దగ్గర. పెద్ద గ్రిడ్డు సబ్‌స్టేషను ఎక్కడొస్తుందో తేలిందంటే దాని చుట్టుపక్కల భూములకి బ్రోకర్లు దిగుతారు, ఎందుకంటే లైను ఎంత పొడుగైతే ఖర్చు అంత. ఎన్‌పీ కుంటలో సోలార్ పార్కుకి పవర్‌గ్రిడ్ 400 కేవీ సబ్‌స్టేషను వచ్చింది, కర్నూలు వైపు ఓర్వకల్లు-గడివేముల మధ్య గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో మొదలైంది, దాదాపు 5,900 ఎకరాలు. అలాంటిది వచ్చాక చుట్టుపక్కల ఊళ్లకి ఇంక ఎంచుకోడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి మీ మండలంలో ఇంకా ఏ సర్వే నంబరూ ఖరారు కాలేదు, గాలి కొలిచే సన్నటి మాస్టు ఒక్కటే నిలబడుంది అంటే మీకు మంచి టైం. ఆ మాస్టు ఏడాది, అంతకు మించి కూడా గాలి కొలుస్తుంది, ఆ గ్యాపంతా మీదే.

ఎవర్ని కలవాలి అన్నది దీనికంటే పెద్ద విషయం. కంపెనీ లిస్టులో ఉండేది పట్టాదారులే. వన్-బీలో, అంటే భూమి ఎవరిదో రాసుండే రెవెన్యూ రికార్డులో, పేరుంటే మనిషి, లేకపోతే లేడు. మన దగ్గర మాత్రం ఆ భూమి మీద బతికేవాళ్లలో చాలామంది ఆ కాగితంలో కనపడరు. కౌలుకి శెనక్కాయ పెట్టినోడు, గొర్రెలు తోలుకునే కురుబోళ్లు గొల్లోళ్లు, కూలికి పోయే ఆడోళ్లు, వంకలో చింతగింజలు ఏరుకునేవాళ్లు, పోరంబోకులో తరాల తరబడి మేపుకునేవాళ్లు. భూమి లీజుకి పోతే పట్టాదారు ఇంట్లో ఏటా డబ్బు పడుతుంది, కౌలు రైతుకి ఆ రోజు నుంచి పని లేదు.

దీనికి పక్కనే ఉదాహరణ ఉంది. మడకశిర దాటితే పావగడ. కర్ణాటకలో అక్కడ 2050 మెగావాట్ల పార్కు దాదాపు 13,000 ఎకరాల్లో కట్టారు, భూమి కొనకుండా రైతుల దగ్గరే లీజుకి తీసుకున్నారు, మొదట ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి చేతిలోనే ఉండిపోవడం వల్ల సెంట్లు పోయి ఏడ్చే బాధ తప్పింది, అది బాగుంది. భూమిలేని కూలీలకి మాత్రం ఆ మోడల్లో చోటే లేదు, వ్యవసాయం ఆగిపోతే కూలి ఆగిపోయింది. పావగడ మోడల్ అని చెప్పేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పకుండా వదిలేస్తుంటారు. మీరు కూడా లీజు రేటు ఎంత అన్న దానిమీదే మీటింగు నడిపితే అదే అవుతుంది, ఎందుకంటే రేటు మాట్లాడేది భూమున్నోళ్లే.

ఇప్పుడు మ్యాపు సంగతి, ఇది కొంచెం వివరంగా చెప్తా. ఉరవకొండ దగ్గర ఒక ఊర్లో మేము పొలం మ్యాపు తీసుకుపోయి స్క్రీన్ మీద చూపించాం, పెద్దోళ్లు ఊఁ అన్నారు, ఎవరూ నోరు విప్పలేదు. మరుసటి రోజు సాయంత్రం ప్రొజెక్టర్ పక్కన పెట్టి, రచ్చకట్ట ముందర నేల చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గుట్ట, వంక, గుడి, బోర్లు గీయమన్నాం. మొదట పిల్లోళ్లు గీశారు, అది తప్పని ఒక ముసలాయన చెప్పులిడిసి లోపలికొచ్చి కాలితో చెరిపేసి మళ్లీ గీశాడు. ఆయన గొర్లాయన. గుట్టకీ కుంటకీ మధ్య సన్నగా ఒక గీత లాగి, ఎండాకాలంలో మంద నీళ్లకి దిగే దారి ఇదొక్కటే, ఇది పోతే రెండు మైళ్లు చుట్టు తిరగాలని చెప్పాడు. కంపెనీ డ్రాయింగులో ఆ చోట రెండు ప్యానెల్ బ్లాకుల మధ్య కంచె ఉంది, పేపర్లో అది ఖాళీ బీడు. తర్వాత ఆడోళ్లు వచ్చి వంకలో ఏ గుంతలో ఏ నెలదాకా నీళ్లు నిలబడతాయో చెప్పారు, బట్టలు ఉతికేది వాళ్లే కదా. ఆ గీత ఫోటో తీసి, సర్వేయర్‌ని తీసుకుపోయి జీపీఎస్‌తో నడిచి, డ్రాయింగు మార్పించాం. లేఔట్ స్టేజీ కాబట్టి రెండు బ్లాకులు పక్కకి జరిపి దారి వదలడానికి ఇంజనీర్లకి పెద్ద కష్టమేం కాలేదు. అదే కంచె పాతాక అడిగుంటే జరిగేది కాదు.

ఇలాంటి చోట్ల అసలు సమస్య రికార్డులోనే ఉంటుంది. ఊరు "మేత భూమి" అనేదాన్ని రెవెన్యూ రికార్డు "అనాధీనం" అంటుంది, బంజరు అంటుంది, కాగితం ప్రకారం అక్కడ ఎవరూ లేరు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి సంగతి వినే ఉంటారు. టింబక్టు కలెక్టివ్ వాళ్లతో కలిసి చుట్టుపక్కల ఊళ్లోళ్లు 1990ల నుంచి కాపాడి పెంచుకున్న అడవి, ఈత, గడ్డి, మేత అన్నీ దాన్నుంచే. రికార్డులో అది పనికిరాని ప్రభుత్వ భూమి. గాలిమరలు వచ్చినప్పుడు గుట్టల మీద రోడ్లు కోశారు, గొడవ గ్రీన్ ట్రైబ్యునల్ దాకా పోయింది. గాలిమరకి దిమ్మె పెట్టే చోటు తక్కువే, ఎక్కువ చోటు తినేది అంత పెద్ద రెక్కలు మోసుకొచ్చే లారీ తిరగడానికి వేసే రోడ్డు. కాబట్టి విండు మ్యాపు చూపిస్తే ఫ్యాన్ల పాయింట్లు కాదు, రోడ్లు గీసి చూపించండి. రోడ్డు గుట్ట నడుం మీద ఏ పక్క పోతే వాన నీళ్లు ఏ పక్క దొర్లుతాయో కింద చేనున్నోడికి తెలిసినంత బాగా ఇంజనీరుకి తెలీదు.

రికార్డుల మీద ఇంకో మాట. మీటింగుకి పోయేముందు ఆ ఊరి అడంగల్, వన్-బీ, 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూములది) తీసి పెట్టుకోండి. డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి అసైన్ చేసిన భూములు) ఎన్ని, చుక్కల భూములు (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు పెట్టి వదిలేసినవి) ఎన్ని అని చూసుకోండి. డీకేటీ భూములు అమ్మడం, బదలాయించడం మీద 1977 చట్టం నిషేధం ఉంది, 2023లో సవరణ చేసి అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములకి కొన్ని షరతులతో హక్కులిచ్చారు. ఈ గందరగోళంలోనే బ్రోకర్లు దూరతారు, "నీ పట్టా క్లియర్ చేయిస్తా, ముందు ఇక్కడ సంతకం పెట్టు" అని. ఎస్సీ కాలనీలో ఈ మాట ఎవరైనా చెప్తున్నారా అని మొదటి మీటింగులోనే అడగండి. చెప్తున్నారంటే మ్యాపు పని పక్కన పెట్టి ముందు లీగల్ సెల్‌లో ఒక లాయర్ని పట్టుకోండి.

లీజు కాగితం గురించి: మీరు లాయర్ కాకపోయినా ఊర్లో దాన్ని బిగ్గరగా తెలుగులో చదివి వినిపించండి, సగం పని అయిపోతుంది. నేను చూసేవి ఇవే. కంపెనీ ఇంకో కంపెనీకి లీజు బదలాయించొచ్చా, ఆ భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు రాసుందా, పాతికేళ్లయ్యాక దిమ్మెలు, కేబుళ్లు ఎవరు తీస్తారు, ప్రాజెక్టు కట్టకుండా వదిలేస్తే భూమి ఎన్నాళ్లలో వెనక్కొస్తుంది, పెంపు ఎంత. ఈ నాలుగోదాన్ని రైతులు అసలు అడగరు, కానీ అడ్వాన్సు ఇచ్చి పీపీఏ (కరెంటు కొనే ఒప్పందం) రాక ఏళ్ల తరబడి కట్టకుండా ఉంచిన భూములు నేను చూశా, రైతు దాన్ని సాగు చెయ్యలేడు, వేరేవాడికి ఇవ్వలేడు. పంట రుణం, పెట్టుబడి సాయం సంగతి కూడా ముందే తహశీల్దారాఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. వ్యవసాయేతరం కింద మారిపోయాక ఆ లిస్టుల్లోంచి పేరు తీసేశారని నా దగ్గరికి వచ్చినోళ్లున్నారు.

లైన్లది వేరే కథ. ప్యానెళ్లకి లీజొస్తుంది కానీ టవరు వేసే పొలానికి నష్టపరిహారమే. 2015 కేంద్ర మార్గదర్శకాల్లో టవరు కాళ్ల మధ్య చోటుకి భూమి విలువలో 85 శాతం, తీగ కింది కారిడారుకి 15 శాతం దాకా అని ఉండేది, 2024 జూన్‌లో వాటిని 200 శాతం, 30 శాతానికి పెంచారు. అయితే రాష్ట్రాలు తమ ఉత్తర్వులు వేరే ఇచ్చుకోవాలి, అందుకే మీ లైను కేంద్రానిదా రాష్ట్రానిదా, ఏ రేటు వర్తిస్తుంది అని మొదట్లోనే రాసి అడగండి. ఊర్లో మాత్రం 200 శాతం అని గట్టిగా చెప్పేయొద్దు, ఉత్తర్వు చేతికొచ్చాక చెప్పండి.

ఇక ఊరి మొదటి ప్రశ్న ప్రతి చోటా ఒకటే: "మా ఊరికి కరెంటు ఇస్తారా?" దీనికి చాలామంది నవ్వి దాటేస్తారు. దాటెయ్యొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ కరెంటు మీ ట్రాన్స్‌ఫార్మర్‌కి రాదు, పూలింగ్ సబ్‌స్టేషను నుంచి 220, 400 కేవీకి ఎక్కి గ్రిడ్డులో కలుస్తుంది, హైదరాబాదో బెంగుళూరో ఎక్కడో వాడుకుంటారు. ఊరి బల్బు వెలగడానికీ ఆ ప్యానెల్‌కీ నేరుగా సంబంధం లేదు. అయితే ఊరికి విడిగా కరెంటు ప్లాను వేసుకోవచ్చు, నా లెక్కలో ఇదే అసలు ప్లానింగు. రైతులకి సోలార్ కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుం పథకం 2019లో మొదలైంది, అందులో ఎ-కాంపొనెంటు కింద రైతులు తమ బీడులో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకుని డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) అమ్మొచ్చు, సి-కాంపొనెంటులో వ్యవసాయ ఫీడరు మొత్తాన్ని సోలార్ చెయ్యొచ్చు. ఇళ్ల పైకప్పు సోలార్‌కి పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ, మన రాష్ట్రంలో ఎస్సీ ఎస్టీ ఇళ్లకి రెండు కిలోవాట్ల దాకా ఉచితం అన్నారు. అందులోనే జిల్లాకొక మోడల్ సోలార్ ఊరు, దానికి కోటి రూపాయలు అని కూడా ఉంది. మీ మండలంలో పెద్ద ఊరు ఉంటే దాన్ని పోటీకి దించండి.

ఊరే సొంతంగా పెట్టుకోవడం కలలో మాటేం కాదు. కోయంబత్తూరు దగ్గర ఓడందురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొని, పంచాయతీ వాడుకోగా మిగిలింది తమిళనాడు కరెంటు బోర్డుకి అమ్ముకుంది. గుజరాత్ ఖేడా జిల్లా ఢుండీలో రైతులు 2016లో సొసైటీ కట్టుకుని సోలార్ మోటార్లు పెట్టి, తోడుకోగా మిగిలిన కరెంటు గ్రిడ్డుకి అమ్మారు. రెండోది మనకి ఇంకా బాగా పనికొస్తుందని నా నమ్మకం, ఎందుకంటే మిగిలిన కరెంటుకి డబ్బొస్తుందంటే బోరు ఊరికే తిరగదు. మన దగ్గర అది చాలా అవసరం, పగలు తొమ్మిది గంటలు ఉచిత కరెంటు ఇస్తే ఆ తొమ్మిది గంటలూ స్టార్టరు ఆన్‌లోనే ఉంటుంది, నీళ్లేమో ఏటేటా కిందికి. అయితే వీటన్నిటికీ డిస్కం ఒప్పుకోవాలి, డిస్కం లోకల్ ఇంజనీర్లు (ఏఈ, డీఈలు) మొదటి మీటింగుకే రావాలి, కంపెనీ మనుషుల కంటే వాళ్లు ముఖ్యం.

డబ్బు సంగతి కొంచెం లెక్క చూద్దాం. మన ఎండకి ఒక మెగావాటు సోలార్ ఏడాదికి సుమారు 18 లక్షల యూనిట్లిస్తుంది. 100 మెగావాట్లంటే 18 కోట్ల యూనిట్లు. యూనిట్‌కి ఒక్క పైసా పంచాయతీకిచ్చినా ఏడాదికి 18 లక్షలు. 2017లో కడప పార్కు వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలకి పోయింది, అందులో పైసా ఎంతని. జర్మనీలో గాలిమరల చుట్టుపక్కల ఊళ్లకి యూనిట్‌కి 0.2 సెంటు ఇచ్చే పద్ధతి ఉంది, మన డబ్బులో పద్దెనిమిది పైసలు పైమాటే. మనకి అలాంటి చట్టం లేదు, కాబట్టి ఒప్పందంలోనే రాయించుకోవాలి. కంపెనీ వాళ్లు వెంటనే "సీఎస్ఆర్ ఉంది కదా" అంటారు. సీఎస్ఆర్ అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, కంపెనీల చట్టంలో అది గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం, అది కూడా ఫలానా స్థాయి దాటిన కంపెనీకి. మన ప్రాజెక్టులు ఒక్కొక్కటీ విడి కంపెనీ పేరు మీద ఉంటాయి, అప్పులు, తరుగుదల పోగా మొదటి కొన్నేళ్లు లాభం కనపడదు, లాభం లేకపోతే సీఎస్ఆర్ సున్నా. అందుకే యూనిట్ లెక్క మేలు, మీటరు అబద్ధం చెప్పదు, లాభం లెక్క ఎటైనా రాసుకోవచ్చు.

ఉద్యోగాల మాట ఎక్కువ ఆశ పెట్టొద్దు. కట్టేటప్పుడు వందలమందికి పని, కట్టాక కాపలా, గడ్డి కోయడం, ప్యానెళ్లు కడగడం, అంతే. కడగడానికి ట్యాంకర్ నీళ్లు ఎక్కడి బోర్లోంచి తెస్తారో మాత్రం మీరు తప్పకుండా అడగండి. ఏటా వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే మన జిల్లాలో అది చిన్న ప్రశ్న కాదు. నీళ్లు లేకుండా బ్రష్షుతో తుడిచే రోబోలు ఉన్నాయి, టెండరు స్టేజీలోనే షరతు పెట్టొచ్చు.

గ్రామసభ అసలు వద్దంటున్నానా? వద్దనడం లేదు. చివర్లో పెట్టండి. ముందు గొర్లోళ్లతో విడిగా, ఆడోళ్లతో విడిగా, ఎస్సీ కాలనీలో విడిగా, కౌలు రైతులతో విడిగా కూర్చుని, వాళ్లు చెప్పినవి రాసి, అప్పుడు అందరి ముందూ గ్రామసభలో చదవండి, తీర్మానం కాపీ సచివాలయంలో రిజిస్టర్‌కెక్కించి ఫోటో తీసుకోండి. ఊరు మొత్తం ఒకేసారి కూర్చుంటే సర్పంచి, ఇద్దరు పెద్ద రైతులు, ఒక పార్టీ లీడరు తప్ప ఎవరూ మాట్లాడరు, ఇది మన ఊళ్ల సంగతి, మీకు నేను చెప్పక్కర్లేదు. ఎలక్షన్ టైములో అయితే అసలే పెట్టొద్దు.

టైము, భోజనం: పగలు పిలిస్తే కూలి పోతుంది, ఎవరూ రారు, వచ్చినా పనిలేని పెద్దమనుషులే వస్తారు. రాత్రి ఏడు దాటాక, మంద దొడ్డికి చేరాక పెట్టండి. అక్టోబరు, నవంబరు శెనక్కాయ పీకే రోజుల్లో పెట్టొద్దు, జూన్‌లో విత్తనం వేళ కూడా వద్దు. పగలే కావాలంటే ఆ రోజు కూలి ఇవ్వండి, తప్పేం కాదు, ఇంజనీరుకి జీతమిచ్చి ఊరోళ్లని ఊరికే రమ్మంటే ఎట్లా. భోజనం పెట్టొచ్చు, కానీ కంపెనీ డబ్బుతో, కంపెనీ బ్యానర్ కింద వద్దు, అది తిని వచ్చారని తర్వాత ఎవడో ఒకడు అంటాడు. మీ సంస్థ ఖర్చుతో చిత్రాన్నం, మజ్జిగ చాలు.